లేనివానిపై ప్రేమ

మనుష్యుడు దగ్గఱనున్నవానికంటె దూరముననున్నవానిని సులభముగ ప్రేమింపగలడు. లేనివాడు మనలను ధనమడుగడు. అకాలమున తలుపు తట్టడు. చెప్పిన మాటనే పదిసారులు చెప్పి విసిగింపడు. అతని జ్ఞాపకము మన కిష్టము వచ్చినపుడు తెఱచి, యిష్టము లేనపుడు మూయదగిన పెట్టె వంటిది. అట్టిదానికి ప్రేమయను పేరు తగునా? అతనికై మనము విడిచిన కన్నీరు, అతనికి మనము చెల్లింపవలసిన ఋణములో నొక కాసునైనను తీర్చునా? ఈ ప్రశ్న మాకు ధర్మగ్రంథముల వలన కలుగలేదు. నలువది యేండ్లుగా వినుచున్న యొక పాటల ఆల్బము వలన కలిగినది.

ఆ ఆల్బము ఇంగ్లండు దేశపు పింక్ ఫ్లాయిడ్ అను రాక్ బృందమువారు 1975 సెప్టెంబరులో వెలువరించిన ‘విష్ యు వర్ హియర్’. నీవిచ్చట నుండిన బాగుండునని దాని పేరున కర్థము. రాక్ సంగీతమనగానే కేకలును వాద్యఘోషయు తప్ప మఱేమున్నదని తలచు పెద్దలు మా పాఠకులలో కొందఱుందురు. వారిని మేము నిందింపము. ఆ సంగీతములో అట్టిదియు కలదు. కాని యీ ఆల్బములోని మొదటి పాట పదుమూడున్నర నిమిషములు సాగును. అందు గాయకుని కంఠము వినబడుటకు ముందు ఎనిమిది నిమిషములకు పైగా గడచును. మన కచ్చేరీలలో రాగాలాపన వినుట కలవాటుపడిన చెవికి ఆ నిదానము క్రొత్తగాదు. తెల్లవారుజామున పొలముపై మంచు కమ్మినట్లు రిచర్డ్ రైట్ వాయించు మీటల వాద్యము మెల్లగ పరచుకొనును. కొంతసేపటికి డేవిడ్ గిల్మర్ గిటారుపై నాలుగు స్వరములు పలికించును. ఆ నాలుగు స్వరములే, బదులు రాని పిలుపువలె, మఱల మఱల వినబడుచుండును.

మాకీ ఆల్బము 1984వ సంవత్సరమున విశాఖపట్టణములోని కళాశాల వసతిగృహమున నొక మిత్రుని వలన లభించినది. ఎవరియొద్దనో యెరువు తెచ్చి అతడు కాసెట్టులోని కెక్కించుకొనిన ప్రతి అది. రాత్రి భోజనమైన పిమ్మట దీపమార్పి, టేపు రికార్డరును కిటికీ గట్టుపై నుంచి, ఎవ్వరును మాటాడరాదని యాజ్ఞాపించి అతడు దానిని వినిపించెడువాడు. ఆల్బమునకు పేరిచ్చిన పాట రెండవ ప్రక్కనున్నది. ఎవరో రేడియో ముల్లు త్రిప్పుచున్నట్లు చప్పుడై, దూరపు స్టేషనునుండి వచ్చుచున్నట్లు సన్నగ నొక గిటారు మ్రోగును. కొంతసేపటికి దానికి తోడుగ, మన ప్రక్కనే కూర్చుండి యెవరో వాయించుచున్నట్లు, రెండవ గిటారు కలియును. “మొదటిది రేడియోలో ఉంది, రెండోది మన గదిలో ఉంది, వినండిరా” అని మా మిత్రుడు చెప్పువఱకు మాకా భేదము తెలియలేదు. వినుటయననేమో మాకు నేర్పినవాడతడు.

ఆ పాటలెవ్వరిని గూర్చినవో కూడ అతడే చెప్పెను. సిడ్ బారెట్ అను యువకుడు 1946లో కేంబ్రిడ్జి పట్టణమున జన్మించెను. బృందమునకు పింక్ ఫ్లాయిడ్ అను పేరు పెట్టినవాడును, 1967లో వెలువడిన తొలి ఆల్బములోని పాటలలో చాలవఱకు వ్రాసినవాడును అతడే. ఆ యేడాది గడువక మునుపే అతని మనస్సు చెదరజొచ్చెను. ఎల్.ఎస్.డి. అను మత్తుపదార్థమే కారణమని కొందఱును, లోన దాగియున్న వ్యాధియే బయటపడెనని కొందఱును చెప్పుదురు. వేదికపై నొక్క స్వరమునే మీటుచు నిలుచుటయు, ఒక్కొకప్పు డేమియు వాయింపకుండుటయు అతనికి పరిపాటియయ్యెను. 1968 జనవరిలో నొకనాడు తక్కినవారు సౌతాంప్టన్ నగరమున కచ్చేరీకి పోవుచుండగా, అతనిని కూడ నెక్కించుకొందమా యని యొకరడిగిరట. అక్కఱలేదులే యని మఱియొకరనిరట. బండి అతని యింటివైపు మరలలేదు. స్నేహము తెగుటకు కలహమక్కఱలేదు. తిరుగవలసిన మలుపు తిరుగకుండుట చాలును.

ఏడేండ్లు గడచినవి. 1973లో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అను ఆల్బముచే ఆ బృందమువారికి లోకమంతట కీర్తియు ధనమును లభించినవి. అట్టి దశలో వారు వెనుకకు తిరిగి చూచుకొనిరి. పోగొట్టుకొనిన మిత్రుని స్మరించుచు పాట కట్టిరి. 1975 జూన్ నెలలో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో వారు పనిచేయుచుండగా స్థూలకాయుడొకడు లోపలికి వచ్చి నిలిచెను. తలయు కనుబొమలును నున్నగ గొఱిగించుకొని యున్నాడు. అచ్చటివారెవరో పనివాడనుకొనిరి. కొంతసేపటివఱకు ఆ నలుగురిలో నెవ్వరును అతని నానవాలు పట్టలేదు. అతడే సిడ్ బారెట్. తెలిసిన పిమ్మట పాటలు వ్రాసిన రోజర్ వాటర్స్ కంట నీరు పెట్టుకొనెనని చెప్పుదురు. నీవిచ్చట నుండిన బాగుండునని యెవ్వనికై వగచుచుండిరో వాడే వచ్చి యెదుట నిలిచినపుడు, వారతని నెఱుగరైరి. వారి పాటలోనివాడు 1967 నాటి సుందర యువకుడు. గదిలోనికి వచ్చినవాడు 1975 నాటి రోగి.

ఈ కథ చెప్పి వారిని దూషించుట మా తలంపు కాదు. 1970లో బారెట్ ఒంటరిగ వెలువరించిన రెండు ఆల్బములకును గిల్మర్ మొదలైన పాత మిత్రులే తోడ్పడిరి. వారపుడు ఇరువదియైదేండ్ల ప్రాయమువారు. మనోవ్యాధి యననేమో, దాని కేమి చేయవలెనో వారి కెవరును నేర్పియుండలేదు. వారి దుఃఖము కపటము కాదు. కపటమై యుండిన ఆ నాలుగు స్వరములకు మన హృదయమును తాకు శక్తి యుండదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. దుఃఖము నిజమైనదే, ఐనను అది దుఃఖపాత్రుని చేరలేదు.

ఇట్టి సందర్భము మన సాహిత్యమునకు క్రొత్తగాదు. భవభూతి ఉత్తరరామచరితమున శ్రీరాముడు జానకి నడవికి పంపి, అశ్వమేధమునకు ఆమె బంగారు ప్రతిమను చేయించి ప్రక్కన నుంచుకొనెను. మూడవ యంకమున దండకారణ్యమునకు వచ్చి ఆమెకై విలపించుచు మూర్ఛిల్లెను. అపుడు సీత అతని ప్రక్కనే యున్నది. అతని కన్నులకు కనబడకున్నది. ఆ విలాపమును చదివి కంట తడిపెట్టని రసికుడు లేడు. కాని పుస్తకము మూసిన పిమ్మట ఒక్క ప్రశ్న మిగులును: ఆ కన్నీటిచే అడవిలోని సీతకేమి యొరిగినది? బంగారు ప్రతిమ వాడదు, మాఱదు, ప్రశ్నింపదు. ప్రాణముగల సీత మాత్రము పండ్రెండేండ్లు నిరీక్షించుచుండెను. కళ యంతయు నొకవిధముగ బంగారు ప్రతిమయే. దానిని చేయుట పాపము కాదు. దానిని చేసితిమి గనుక ఋణము తీరినదనుకొనుటయే పాపము.

ఇంతవఱకు పరుల కథ చెప్పితిమి. ఇక మా కథ చెప్పకున్నచో ఈ వ్యాసమునకు విలువ లేదు.

మాకు పాట వినుట నేర్పిన మిత్రుడు చదువు ముగిసిన మూడేండ్లకే రోగగ్రస్తుడయ్యెను. తన్నెవరో వెన్నాడుచున్నారని భయపడెడువాడు; రాత్రులు నిద్రలేక వీధులు తిరిగెడువాడు. చెల్లెలి వివాహమునకు భంగమగునని యింటివారు సంగతి దాచిరి. పెరటి గదిలో నుంచి, ఊరిలో లేడని చెప్పసాగిరి. మాకు నిజము తెలియును. ఐనను పోలేదు. పోయి యేమి మాటాడవలెనో తెలియదని మనస్సునకు నచ్చజెప్పుకొంటిమి. ఆ ఆల్బమును మాత్రము విడువలేదు. కాసెట్టు అరిగిపోగా మఱొకటి కొంటిమి. తరువాత సీడీ కొంటిమి. విన్నప్పుడెల్ల అతడు జ్ఞాపకము వచ్చి గొంతు పట్టుకొనెడిది. అట్లు గొంతు పట్టుకొనుటనే మేము స్నేహధర్మమనుకొంటిమి.

1998లో నొకనాడు రాజమహేంద్రవరము రైలు స్టేషనులో మా కార్యాలయపు సహోద్యోగులతో నిలిచియుంటిమి. టీ దుకాణము ప్రక్కన, మాసిన చొక్కాతో, నెరసిన గడ్డముతో నతడు నిలిచియుండెను. బారెట్ మిత్రు లతనిని గుర్తింపలేదు. మేము తొలిచూపుననే గుర్తించితిమి. గుర్తించి, చేతిలోని వార్తాపత్రికను ముఖమునకడ్డముగ నెత్తుకొంటిమి. వారిది పొరపాటు, మాది నేరము. ఆ రాత్రి యిల్లు చేరి అదే ఆల్బము పెట్టుకొని వింటిమి. కన్నీరు వచ్చినది. ఆ కన్నీటిని తలచుకొనిన మాకు నేటికిని సిగ్గు కలుగుచున్నది. ఏలయన, ఆ కన్నీటి తరువాత మాకు హాయిగ నిద్రపట్టినది.

ఇది మా యొక్కరి లోపమే యైనచో పాఠకుల కాలమును హరింపము. క్షయ వచ్చిన బంధువును చూడబోవుదుము. గుండెజబ్బు వచ్చినవానికి పండ్లు కొనిపోవుదుము. మనస్సునకు జబ్బు చేసినవాని యింటికి మాత్రము దారి మఱతుము. చదువుకొన్నవారుకూడ హైదరాబాదులో ఎఱ్ఱగడ్డ పేరు చెప్పి పరిహాసమాడుదురు. ఆ పేరు విని యింటిలోపల తలవంచుకొను తల్లులెందఱో యోచింపరు. 1912 నాటి చట్టము ఇట్టివారిని ఉన్మత్తులను పేరనే వ్యవహరించెను. 2017లో చేయబడి 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స పొందుట ప్రతివాని హక్కనియు, నలుగురితో కలిసి జీవించుట రోగికిని హక్కే యనియు చెప్పినది. రోగిని గొలుసులతో బంధించుట నిషేధించినది. మంచిదే. కాని చట్టము గొలుసును విప్పగలదే గాని, మిత్రుని గుమ్మములోనికి నడిపింపజాలదు. ఆ పని మనదే.

బారెట్ తరువాతి జీవితమును కేంబ్రిడ్జిలో గడపెను. చిత్రములు వేసికొనుచు, తోటపని చేసికొనుచు, తన అసలు పేరైన రోజర్ అని పిలిపించుకొనుచు నుండెను. పాత పాటల యభిమానులు వెదకికొని వచ్చి తలుపు తట్టుట అతనికి కష్టముగ నుండెడిదట. వారికి కావలసినదియు 1967 నాటి యువకుడే గదా! 2005 జులై 2న లండను హైడ్ పార్కులో ఆ నలుగురును చిరకాలమునకు కలిసి, అతనిని పేర్కొని, ఆ పాటనే పాడిరి. కేంబ్రిడ్జి అచ్చటికి సుమారు 50 మైళ్ల దూరము. మఱుసటి యేడు జులై 7న అతడు 60వ యేట మరణించెను.

2025 సెప్టెంబరుతో ఆ ఆల్బమునకు 50 ఏండ్లు నిండినవి. ఆ సందర్భమున మేము మఱల మొదటినుండి తుదివఱకు వింటిమి. మా పెద్దచెవులకు ఈసారి దూరపు గిటారుకంటె దగ్గఱి గిటారే స్పష్టముగ వినబడినది. మఱునాడే బయలుదేరి మిత్రునొద్దకు పోతిమి. ఏ చెల్లెలి వివాహము కొఱకతనిని దాచిరో ఆ చెల్లెలి యింటనే అతడిప్పుడున్నాడు. ఆమెయు ఆమె భర్తయు క్రమముగ మందులిప్పించుచు కాపాడుచున్నారు. “రండి అన్నయ్యగారూ” అని యామె, నలువది యేండ్లుగా ఎఱిగినవారిని పిలిచినట్లు, లోనికి పిలిచినది.

మేము ఫోనులో ఆ పాట పెట్టితిమి. ఒక నిమిషము విని, “పాతది కదరా, ఆపెయ్యి” అనెను. పిమ్మట “అన్నం తిన్నావా?” అని యడిగెను. భోజనమువేళ రాజమహేంద్రవరపు సంగతి యెత్తి క్షమాపణ కోరబోతిమి. అతడు మజ్జిగ కలుపుకొనుచు, “చూశాను. తొందరలో ఉన్నావనుకున్నాను” అనెను. సెలవు తీసికొనునపుడు, “మళ్ళీ ఎప్పుడొస్తావు?” అని యడిగెను. పాటను నలువది యేండ్లు భద్రపరచుకొనిన మాకు, దానిలో అతనికి పనికివచ్చునది యేమియు లేదని ఆనాడు తెలిసినది. అతనికి కావలసినది ఆ కడపటి ప్రశ్నకు సమాధానము మాత్రమే. నెలకొకసారి పోవుచున్నాము.

అట్లని మేము పాటను త్యజింపలేదు. త్యజింపుడని యెవ్వరికిని చెప్పము. అది లేకున్న మా మనస్సు ఆ మాత్రమును కదలి యుండెడిది కాదు. కళ మనలను గుమ్మమువఱకు తెచ్చి విడుచును. గడప దాటుట మన కాళ్ల పని. మా పాఠకులలో ప్రతివారి యెఱుకలోను అట్టివాడొక డుండును: పెరటి గదిలోని పినతండ్రియో, పలుకరింపు మానుకొనిన స్నేహితురాలో, ఊరిలో లేడని చెప్పబడుచున్న సోదరుడో. అతనిని తలచుకొని విచారించుట యీ వారమునకు చాలించి, అతని యింటికి పోయి రండు.