బిగిసిన నట్టు – సత్యశుద్ధ కాయకము

వీరశైవ ధర్మమునందు కాయకమునకు గల స్థానము మహోన్నతమైనది. 12వ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుని చుట్టును ఏర్పడిన శరణ సమాజములో బట్టలుతికిన మడివాళ మాచయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేనిన నులియ చందయ్య సమాన గౌరవమందిరి. ఏ వృత్తియు హీనము కాదని ఒప్పుకొనుట నేడు సులభమే. ఆ వృత్తిలో చేయి సాగని గడియ వచ్చినపుడు మనుష్యుడు ఎట్లు నడుచుకొనవలెనన్నదే కఠినమైన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఉదాహరణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. అనకాపల్లి జిల్లా దక్షిణపు కొసను తాండవ నదికి ఈవల పాయకరావుపేట, ఆవల తుని ఉన్నవి. పెంటకోట సముద్రతీరము చేరువలోనిదే. ఉప్పుగాలి తగిలిన ఇనుము త్వరగా తుప్పు పట్టును. చేపల గంపలు మోసిన మోటారు సైకిలు, పొలము గట్లపై తిరిగిన మోటారు సైకిలు, ఏదైనను ఒకనాడు మెకానిక్కు ముంగిట నిలువక తప్పదు. ఇంజను విప్పవలసి వచ్చినపుడు సైలెన్సరు గొట్టమును ఇంజను హెడ్డుకు పట్టి ఉంచు నట్టు ఒక్కొక్కప్పుడు కదలనే కదలదు.

దాని కారణమును తెలిసికొనవలెను. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. నట్టుకును స్టడ్డుకును నడుమనున్న సన్నని మరచుట్లలో అది నిండి రెంటిని ఒకటిగా బంధించును. ఇంజను వేడెక్కుట, చల్లారుట అను మార్పు వేలమారులు జరిగి ఆ బంధమును గట్టిపరచును. ఉక్కు స్టడ్డు అల్యూమినియము హెడ్డులో దిగిన చోట ఉప్పుతేమ చేరెనా, క్షయము మరింత త్వరపడును. నట్టు మొండిదని తిట్టువాడు ఈ కారణములను చూడడు. తన కోపమునే చూచును.

ఆ కోపముతో పానాకు పొడుగాటి గొట్టము తగిలించి ఒక్క ఊపు ఊపిన ఏమగును? నట్టు మూలలు అరిగి గుండ్రమగును. లేదా స్టడ్డు హెడ్డులోనే తెగిపోవును. కొద్ది రూపాయల నట్టు కొరకు ఎన్నోరెట్లు విలువగల హెడ్డు పాడగును. తెలిసిన పనివాడు మొదట తీగబ్రష్షుతో తుప్పు గీకును. పల్చని నూనె పట్టించి, అది మరచుట్లలోనికి దిగువరకు, అవసరమైన రాత్రి అంతయు, వేచియుండును. నోరు తెరచిన పానాను విడిచి, నట్టు ఆరు ముఖములను సరిగా పట్టు రింగు పానాను ఎంచుకొనును. సుత్తితో మెల్లగా తట్టి తుప్పు పట్టును సడలించును. విప్పుటకు ముందు కొంచెము బిగించు దిక్కునకు కదల్చి చూచును. అప్పటికిని లొంగనిచో, పెట్రోలు టాంకును దూరముగా తీసి పెట్టి, నట్టును వేడిచేసి వ్యాకోచింపజేయును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. దినకూలిపై బ్రదుకు మెకానిక్కుకు ఓర్పు విలాసము కాదా? బండి యజమాని తొందరించుచుండ, ఇంటివద్ద పొయ్యి రాజుకొనవలసి యుండ, ఒక నట్టు కొరకు రాత్రి అంతయు వేచియుండుట సాధ్యమా? ఈ మాటలో న్యాయమున్నది. కాని ఓర్పు అనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. నూనె తన పని చేయుచుండగా అతడు మరియొక బండి పని చూచుకొనవచ్చును. ఆలస్యమునకు కారణమును యజమానికి ముందే చెప్పవచ్చును. విని సహించుట యజమాని ధర్మము. పనివానిని తరిమి తరిమి నట్టు విరిగిన పిదప వానినే నిందించువాడు ఆ దోషములో భాగస్వామియే.

అయినచో బలప్రయోగము సర్వదా తప్పా? కాదు. ఉపాయములన్నియు విఫలమైనపుడు నట్టును ఉలితో చీల్చి స్టడ్డును కాపాడుటయే వివేకము. అల్పమును వదలి అధికమును నిలుపుట అది. అయిదక్కి మారయ్య కథ ఇచ్చట స్మరణీయము. రాలిన బియ్యపు గింజలు ఏరుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, ఆయన సతి లక్కమ్మ ఆ అధికమును తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపినదని శరణుల చరిత్ర చెప్పుచున్నది. బియ్యమునకు వర్తించిన ఆ నియమము బలమునకును వర్తించును. కావలసినంతవరకు బలము కాయకములోనిది. అంతకు మించినది అహంకారములోనిది.

అసలు పరీక్ష తరువాత వచ్చును. ఎంత జాగ్రత్తపడినను స్టడ్డు తెగిపోవచ్చును. అపుడు దానిపై ఏదో అంటించి, పైకి కనబడకుండ బిగించి, కూలి పుచ్చుకొని పంపివేయుట ఎంతో సులభము. బండి కొంతకాలము నడచును, యజమానికి తెలియదు. కాయకమునకు సత్యశుద్ధ అను విశేషణము ఎందుకు చేర్చబడినదో ఈ గడియ బోధించును. తెగినదని యథార్థముగా చెప్పి, దానిని తొలిచి తీయుటకు అగు వ్యయమును, అందులో తన తప్పు ఎంత ఉన్నదో దానిని కూడ విప్పి చెప్పువాడు ఆనాటి కూలి కొంత కోల్పోవును. ఆ నష్టమే అతని పూజ. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి అర్చించు చేయి, ఆ చేతితోనే లోపమును కప్పిపెట్టుట ఎట్లు పొసగును?

పని ముగియు వేళ మరియొక కర్తవ్యమున్నది. క్రొత్త నట్టు ఎక్కించునపుడు మరచుట్లకు వేడికి తాళు గ్రీజు కొంచెము పూసి, మితిమీరక తగినంత మాత్రమే బిగించిన, ఏండ్ల తరువాత దానిని విప్పువానికి శ్రమ తప్పును. ఆ విప్పువాడు ఎవరో ఇతడెరుగడు. తనకు మేలు చేసినదెవరో అతడును ఎరుగడు. ప్రతిఫలాపేక్ష లేని ఇట్టి సేవకే శరణులు దాసోహమని పేరిడిరి. జంగమార్చన చేయు గృహములందును, అన్నదాసోహము నడపు మఠములందును బాలురకు ఈ చిన్న విషయమును బోధించుట యుక్తము. చేతికి మసి అంటిన పనివాని యెదుట గౌరవముగా నిలుచుట వారు అప్పుడు తమంతట తామే నేర్చుకొందురు.