తుపాకి అందం

నా మిత్రుడొకడు పిస్తోలు కొనబోతున్నాడు. ఏది కొంటే బాగుంటుందో చెప్పమని నన్ను అడిగాడు. ఈ వ్యాసానికి కారణం అంతకన్న పెద్దదేమీ కాదు. ఆయుధాల విషయంలో నాకున్నది పుస్తకాల తెలివే, అది అతనికీ తెలుసు. "నువ్వు గూడ సరే అంటే నాకు తృప్తి" అన్నాడు. అంటే సలహా పేరుతో అతను నా సమ్మతి అడుగుతున్నాడన్నమాట. సమ్మతి ఇవ్వటమా, మానటమా అని ఆలోచిస్తూ కూచుంటే యీ నాలుగు పేజీలూ అయినాయి.

మేమిద్దరం గద్వాలలో కలిసి చదువుకున్నాం. అక్కడి కళాశాల కోటలో వుంది. రాజుల కోసం లేచిన మట్టిగోడల మధ్య, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున్న కళాశాలలో, మేం అర్థశాస్త్రం చదివాం, సమానత్వాన్ని గురించి గొంతు చించుకున్నాం. అక్కడ అతను నన్ను "అరే" అనేవాడు, నేనూ అతన్ని "అరే" అనేవాణ్ణి. సెలవులకు వూరికి పోతే మాత్రం మా నాయన అతన్ని "చిన్నదొరా" అని పిలిచి దండం పెట్టేవాడు. ఆ క్షణాన మా ఇద్దరికీ యెటు చూడాలో తెలిసేది కాదు.

మా తాత వాళ్ల తాత కింద సేత్‌సింధి. దొర వేటకు పోతే తుపాకి మోసేది మా తాత. కట్టెలతో పొదలు బాది జంతువుల్ని లేపేది మా వాడ మనుషులు. దానికి కూలి లేదు. వెట్టి అంటే అదే గదా. ఆ రెండు గొట్టాల తుపాకిని మా తాత యేళ్ల తరబడి భుజాన మోశాడు గాని వొక్కసారి కూడా పేల్చలేదు. దాని బరువు యెంతో ఆ గడీలో ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలిసి వుండదు.

ఆ తుపాకి ఇప్పటికీ నా మిత్రుడి ఇంట్లో వుంది, వారసత్వపు లైసెన్సుమీద. 1983 సవరణ ప్రకారం వొక మనిషి మూడు తుపాకుల దాకా పెట్టుకోవచ్చు. 2019లో దాన్ని రెండుకు తగ్గించారు. అతని దగ్గర వున్నది వొకటే. రెండోదానికి చట్టంలో చోటుంది. ఆ ఖాళీ చోటు అతన్ని నిద్రపోనివ్వటం లేదు.

"ఏం జేస్తవురా దాంతోని?" అన్నాను.

"ఏం జెయ్య. బీర్వల వెట్టుకుంట. అప్పుడప్పుడు దీసి నూనె రాసి చూసుకుంట."

అతను దుర్మార్గుడు కాడు. దుర్మార్గుడైతే యీ వ్యాసం రాసే పని వుండేది కాదు, తిట్టి వూరుకునేవాణ్ణి. వాళ్ల భూములు చాలావరకు పోయాయి. మిగిలినవి కౌలుకిచ్చాడు. వూళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఫీజులు కడుతున్నాడు. యెవరినీ చంపాలని గాని, బెదిరించాలని గాని అతనికి లేదు. ఆత్మరక్షణ అన్నమాట కూడా లైసెన్సు కాగితంమీద రాయటానికే. నిజానికి అతను కోరేది వొక అందమైన వస్తువును. ఉక్కును వెంట్రుకవాసి తేడా రాకుండా తొలిచిన పనివాడి నేర్పు చూస్తే తనకు వొళ్లు పులకరిస్తుందంటాడు. "మీరు శ్రామికుడి చేతిని మెచ్చుకుంటరు గద, మరి యీ చెయ్యి గూడ శ్రామికునిదే" అని నన్నే ఇరకాటంలో పెట్టాడు.

ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యటానికి వీల్లేదు. ఆ వస్తువులో నేర్పు వున్నమాట నిజం. అయితే నేర్పు వున్న వస్తువులు గద్వాలలో చాలా వున్నాయి. ఆ వూరి చీరకు వొళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. అంచునూ వొంటినీ మగ్గంమీదే పోగుకు పోగు పట్టించి కలుపుతారు. యెక్కడ నూలు ఆగి పట్టు మొదలయిందో వేలికి తగలదు. ఆ చీర కట్టుకున్నప్పుడే దాని అందం పూర్తి అవుతుంది. కొడవలి పిడి వాడినకొద్దీ నునుపెక్కుతుంది. పిస్తోలు సంగతి వేరు. అది తన పని చెయ్యకుండా వున్నంతసేపే దాని అందాన్ని గురించి మాట్లాడుకోగలం. పని చేసిన మరుక్షణాన ఆ గదిలో అందం మాట యెత్తే మనిషి వుండడు.

"అయితే సాలార్‌జంగ్ మ్యూజియంల కత్తులెందుకు? అవి జూడనీకి పిల్లల్ని బస్సులల్ల తోల్కపోతరు గద సారూ" అని అతని ప్రశ్న. ("సారూ" అంటే కోపం వచ్చిందన్నమాట.) మంచి ప్రశ్నే. మ్యూజియంలో కత్తి పని అయిపోయింది. అది యెవరి సొత్తూ కాదు, దాన్ని చూసి యెవరూ పక్కకు తప్పుకోరు. నా మిత్రుడి ఇంట్లో గోడకున్న తుపాకికి కూడా చరిత్ర వుంది. దాన్ని వుంచుకోవటం నాకు పెద్ద అభ్యంతరం కాదు, మా తాత భుజం గుర్తుకొచ్చినా సరే. కాని అతను కొనబోయేది కొత్తది. పాత ఆయుధం చెయ్యవలసింది చేసేసింది. కొత్తది ఇంకా యేమీ చెయ్యలేదు. దాన్ని సేకరణ అంటే, జరగని దానిని సేకరించటం అవుతుంది.

మన సంస్థానాల ప్రభువులకు సేకరణ అంటే యేమిటో చెప్పటానికి వొక ఉదాహరణ చాలు. వనపర్తి రాజులు ఆఫ్రికా మనుషులతో వొక అశ్వికదళాన్ని పోషించారు. అది తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరులో ఏ.సి. అంటే ఆఫ్రికన్ కావల్రీయే. గుర్రాలతో పాటు, ఈటెలతో పాటు మనుషులు కూడా వొక కొలువునుంచి మరో కొలువుకు బదిలీ కాగల సొత్తు. ఆ వనపర్తి రాజభవనంలో ఇవాళ పాలిటెక్నిక్ నడుస్తోంది. లేతు యంత్రం దగ్గర రైతు బిడ్డలు ఉక్కు తొలవటం నేర్చుకుంటారు. ఉక్కు పనిలో అందం చూడదలచుకుంటే అక్కడికి పోవచ్చునని నా మిత్రుడికి చెప్పాను. నవ్వాడు.

ఇక అసలు సంగతి. అతనికి కావలసింది యేదో వొక పిస్తోలు కాదు, పెద్ద బోరుది. చిన్నది "ఆడోళ్ల సంచిల పెట్టుకునే బొమ్మ" అట. పెద్ద బోరు యెందుకు పుట్టిందో తెలిస్తే యీ మాటకు అర్థం తెలుస్తుంది.

వెనకటి శతాబ్దికి ముందు శతాబ్ది చివర బ్రిటిషు సైన్యానికి వొక ఫిర్యాదు వుండేది: వాయవ్య సరిహద్దు కొండల్లో మనుషులకు గుండు తగిలినా ఆగటం లేదు. దానికి మందుగా కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో వొంట్లోకి పోగానే విచ్చుకునే గుండు తయారయింది. .455 వెబ్లీ రివాల్వరుకోసం చేసిన అలాంటి గుండుకు "మనిషిని ఆపేది" అనే అర్థంవచ్చే పేరే పెట్టారు. 1899లో హేగ్ సభ ఇటువంటి గుండ్లను నిషేధించింది. ఆ తర్వాత అమెరికా సైన్యానికి ఫిలిప్పీన్స్‌లో మోరోలతో అదే అనుభవం ఎదురయింది: .38 గుండు తగిలినా మోరో యోధుడు మీదికి వస్తూనే వున్నాడు. 1904లో షికాగో కబేళాల్లో బతికిన పశువులమీద, మనుషుల శవాలమీద గుండ్లు పేల్చి పరీక్షలు జరిపి, సైన్యపు పిస్తోలు బోరు .45కు తగ్గరాదని తేల్చారు. 1911లో సైన్యం తీసుకున్న ప్రసిద్ధమైన కోల్ట్ పిస్తోలు ఆ తీర్పు ప్రకారం పుట్టింది. దాని గుండు బరువు సుమారు 15 గ్రాములు; .32 పిస్తోలు గుండు 5 గ్రాములకు లోపే.

అంటే బోరు అన్నది వొట్టి కొలత కాదు. తన నేలమీద నిలబడి వెనక్కు తగ్గని నల్లవాణ్ణి, చామనచాయవాణ్ణి పడెయ్యటానికి యెంత సీసం కావాలని సామ్రాజ్యం వేసుకున్న లెక్క అది. ఆ లెక్కలో అవతలిపక్కన వున్నది మా తాతే, అతని తాత కాదని అనను. తెల్లవాడి కంటికి ఇద్దరూ వొకటే. అందుకే నా మిత్రుడు ఆ బోరును ముద్దు చేసుకోవటం నాకు వింతగా వుంది.

చట్టం మాత్రం అతని కోరికను చాలావరకు తేల్చేసింది. .38, 9 మి.మీ., .455 వంటివి, సైన్యమూ పోలీసులూ వాడే గుండ్లు పేల్చేవి, పౌరులకు నిషిద్ధం. సర్కారు కర్మాగారాలు పౌరులకు చేసి అమ్మేది .32. దుకాణదారు యీ సంగతి చెప్పేసరికి అతని ముఖం వాడిపోయింది. వొక్క క్షణం ఆలోచించండి. అతనికి కావలసింది అందమే అయితే, అదే కార్మికుడి నేర్పే అయితే, బోరు తగ్గినందుకు దిగులెందుకు? మూడు మిల్లీమీటర్లు తగ్గితే తగ్గిపోయే ఆ అందం పేరు వేరు. దాన్ని మా నాయన "చిన్నదొరా" అనేవాడు.

ఇంతవరకూ రాసి ఆగిపోతే నాకు సుఖంగా వుండేది. కాని మన సంగతి కూడా చెప్పుకోవాలి. మన విద్యార్థి వసతిగృహాల గోడలమీద తుపాకి పట్టిన బొమ్మలు లేవా? నేను అంటించినవే రెండున్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య బలి అయ్యాడు. 1947 అక్టోబరులో మన పక్కనే అప్పంపల్లిలో ప్రజలమీద తుపాకులు పేలాయి. అటువంటి రోజుల్లో రైతు వడిసెల విడిచి తుపాకి పట్టటాన్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ తుపాకులు చాలావరకు గడీలనుంచి, పోలీసులనుంచి గుంజుకున్నవి. ఏ బోరు బాగుంటుందని యెవరూ బేరం చెయ్యలేదు, దొరికిందే బోరు.

అయితే 1948 సెప్టెంబరులో నిజాం లొంగిన తర్వాత ఆ తుపాకులు దించాలా వద్దా అని మనవాళ్లమధ్యనే చీలిక వచ్చింది. రావి నారాయణరెడ్డిగారు దించాలన్నారు. మరికొందరు కూడదన్నారు. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలను గురించి ఇప్పటికీ మనం గొంతు తగ్గించే మాట్లాడుకుంటాం. 2004 అక్టోబరులో నల్లమలనుంచి బయటికి వచ్చి ప్రభుత్వంతో చర్చలకు కూచున్నప్పుడు కూడా ముఖ్యమైన చిక్కుల్లో వొకటి ఆయుధాల దగ్గరే పడింది. అవసరానికి పట్టుకున్న ఆయుధం అవసరం తీరినా చేతిని వదలదని యీ అనుభవాలు చెపుతున్నాయి. నా మిత్రుడికి తుపాకి అవసరం లేకుండానే అందంగా కనిపిస్తోంది. మనకు అవసరం వున్నరోజుల్లో అందంగా కనిపించటం మొదలయి, తర్వాత అలాగే వుండిపోయింది. రెండూ వొకటి కావు. అయినా బొమ్మ అంటించిన చేతితో అతన్ని వేలెత్తి చూపలేకపోతున్నాను.

ఆయుధం నిజంగా పనిముట్టయినచోట యీ మోజు కనిపించదు. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు పక్క చెంచులకు విల్లు కూటికి దారి. 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమయిపోయింది. ఆ విల్లు ఇప్పుడు యాత్రికులముందు ఫొటోకు పనికివస్తోంది. వేరుశనగ చేనులో అడవిపంది పడితే రాత్రంతా డబ్బా మోగిస్తూ మంచెమీద కూచునే రైతుకు, పంటకాపలాకని మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవలసిందని 1959 ఆయుధచట్టంలోనే వుంది. ఆ మాట తెలిసిన రైతును నేను మా మండలంలో వొక్కణ్ణి చూడలేదు. నా మిత్రుడికి మాత్రం యే సెక్షను యెక్కడుందో కంఠతా వచ్చు.

పోయిన నెల ఠాణానుంచి జవాను వచ్చాడు. లైసెన్సు దరఖాస్తుమీద విచారణ. "సారూ, మనిషెట్లాంటోడు?" అని అడిగాడు. మంచివాడన్నాను. అది అబద్ధం కాదు. "కోపిష్టా? తాగుతాడా?" లేదన్నాను. అదీ అబద్ధం కాదు. తుపాకి అతనికి యెందుకని జవాను అడగలేదు, కాగితంలో ఆ గడి లేదు. చూపినచోట సంతకం పెట్టాను. మా తాతకు సంతకం రాదు, వేలిముద్రే.

ఆ సాయంత్రం నా మిత్రుడికి ఫోను చేసి, నేను సమ్మతించటం లేదని, యెందుకో యీ రాసినదంతా క్లుప్తంగా చెప్పాను. అతను చాలాసేపు విన్నాడు. కోపం తెచ్చుకోలేదు.

"సరే తియ్యి, నువ్వన్నది ఆలోచిస్త" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పిడి చెక్కది బాగుంటదా, రబ్బరుదా?" అని అడిగాడు.

చెక్కదే బాగుంటుందన్నాను.