ఆటలో పోటీ – మాటలో విషము



సత్తువాచారిలో కాపురముంటున్న మనకు రెండు మహానగరాలు ఇరుగుపొరుగు. తూర్పున చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, పడమట బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు. రెండింటినీ కలిపే జాతీయ రహదారి మన ఊరిని ఒరుసుకొనే పోతుంది. మన బిడ్డలలో కొందరు అటు చదువుకుంటున్నారు, కొందరు ఇటు ఉద్యోగాలు చేసుకుంటున్నారు. గనుక చెన్నైకి, బెంగళూరుకు క్రికెట్ ఆట పడిందంటే మన ఇండ్లలోనే రెండు పక్షాలు ఏర్పడుతాయి. అన్న పసుపు చొక్కా వేసుకుంటే తమ్ముడు ఎర్ర చొక్కా వేసుకుంటాడు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఎగతాళి ఎంతవరకు ఆట, ఎక్కడినుండి పాపము అన్నది మనము నిదానముగా ఆలోచించవలసిన విషయము. ఎందుకంటే మనము ఆ రెండు ఊళ్ళకూ పొరుగువారమే గాని, రెండింటిలోనూ పరాయి భాషవారము.

ఈ పోటీ నిన్న మొన్నటిది కాదు. మన దేశములో రంజీ ట్రోఫీ పోటీలు మొదలైన రోజున, అనగా 1934 నవంబరు 4న, చెపాక్ మైదానములో తలపడినవి మద్రాసు, మైసూరు జట్లే. ఆట ఒక్క రోజులోనే ముగిసింది. మద్రాసు గెలిచింది. గెలిపించినవాడు ఎ. జి. రామ్ సింగ్. ఆయన ఒక్కడే 11 వికెట్లు తీశాడు. ఆయన తమిళుడు కాడు, అమృత్‌సర్ నుండి వచ్చి మద్రాసులో స్థిరపడిన సిక్కు కుటుంబములోనివాడు. ఈ రెండు ఊళ్ళ పోటీలో మొట్టమొదటి విజయము ఒక వలస కుటుంబపు బిడ్డ చేతిమీదుగా వచ్చినదని మనము గుర్తుంచుకోవాలి.

అప్పటినుండి గెలుపోటములు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాయి. 1995-96లోను, 2014-15లోను రంజీ ఫైనలులో కర్ణాటక తమిళనాడును ఓడించింది. 2021లో సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ ఫైనలులో చివరి బంతికి సిక్సరు కొట్టి తమిళనాడు కర్ణాటకను ఓడించింది. ఐపీఎల్‌లో చెన్నై 2010 నుండి 2023 లోపల ఐదుసార్లు కప్పు గెలిచింది. బెంగళూరువారు మాత్రము ఏటేటా “ఈ సాలా కప్ నమ్దే”, అంటే ఈ ఏడు కప్పు మనదే అని పాడుకోవడము, ఉత్త చేతులతో ఇంటికి పోవడము జరిగేది. ఆ మాటను పట్టుకొని చెన్నైవారు చేయని పరిహాసము లేదు. చివరకు 2025 జూన్ 3న, 18వ ఏట, బెంగళూరు కప్పు గెలిచింది. అన్నేండ్ల ఎగతాళికి ఒక్క రాత్రిలో జవాబు దొరికింది.

ఇక్కడనే మనకు ఒక కొలత దొరుకుతుంది. ఆటలోని ఎగతాళికి జవాబు ఉంటుంది. “మీరు ఓడిపోయారు” అన్నవానికి “వచ్చే ఏడు చూచుకుందాము” అని చెప్పవచ్చును. ఆ మాట మనిషి చేసిన పనిని గూర్చినది గనుక, మనిషి మరల పని చేసి దానిని తుడిచివేయగలడు. కాని “నల్లవాడా” అన్న మాటకు, “మీ భాషవాళ్ళంతా ఇంతే” అన్న మాటకు జవాబు చెప్పే ఆట ఏ మైదానములోనూ లేదు. వచ్చే ఏడు అతడు వేరే రంగుతో పుట్టలేడు, వేరే తల్లి దగ్గర మాటలు నేర్చుకోలేడు. జవాబు ఇచ్చే వీలున్న మాట పోటీకి చెందినది. జవాబు లేని చోట కొట్టే మాట ద్వేషానికి చెందినది. ఈ రెండింటినీ వేరు చేయగలిగితే చాలు, మనకు దారి కనబడుతుంది.

మద్రాసు క్రికెట్ చరిత్రలోనే దీనికి చక్కని దృష్టాంతము ఉన్నది. తెల్లవారి కాలములో చెపాక్ మైదానము యూరోపియనుల మద్రాసు క్రికెట్ క్లబ్బు చేతిలో ఉండేది. ఇండియావారు ఆ పెవిలియనులో అడుగుపెట్టే వీలు లేదు. ఆడడానికి పిలిచినా, భోజనము మాత్రము చెట్ల క్రింద చేయవలసినదే. ఆ అవమానము చూచి సహించలేనివాడు బుచ్చిబాబు నాయుడు గారు. మన తెలుగువారు. ఆయన తిట్టుకు తిట్టు చెప్పలేదు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్ స్థాపించి, కుర్రవాళ్ళకు ఆట నేర్పి, తెల్లవారి క్లబ్బుతో సమానముగా నిలబడి ఆడే జట్టును తయారుచేశారు. 1908లో ఇరుపక్షాలకు పెద్ద పోటీ ఒకటి ఏర్పాటు చేసి, అది కొద్ది రోజులలో జరుగుతుందనగా కన్నుమూశారు. తరువాతి కాలములో అదే ప్రెసిడెన్సీ మ్యాచ్ పేరుతో సంక్రాంతి రోజులలో జరుగుతూ వచ్చింది. నేటికీ చెన్నైలో ఆయన పేరున టోర్నమెంటు ఉన్నది. పుట్టుకను బట్టి గీచిన గీతను, జవాబు చెప్పగలిగే పోటీగా మార్చడము ఆయన చేసిన మేలు. మనము సాధారణముగా దీనికి ఎదురు పని చేస్తాము. జవాబు చెప్పగలిగే పోటీని తీసుకొనిపోయి పుట్టుకకు అంటగడతాము.

అలా అంటగట్టినప్పుడు ఏమవుతుందో 1991వ సంవత్సరము చూపించింది. ఆ ఏడు నవంబరు 10న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో దక్షిణాఫ్రికా జట్టు మన దేశముతో ఆడింది. వర్ణభేదము కారణముగా ఇరవై ఏండ్లకు పైగా వెలివేయబడిన తరువాత ఆ జట్టు ఆడిన మొదటి అంతర్జాతీయ ఆట అది. ఆ దేశపు బాధ మన సంఘాలకు తెలియనిది కాదు. చెరకు తోటలలో కూలికి నేటాలు వెళ్ళిన తెలుగువారి మధ్య పరిచర్య చేయడానికి 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్య గారు ఓడ ఎక్కారు. వారి బిడ్డలు, మనుమలు రంగు చట్టాల క్రింద జీవించారు. ఆ చట్టాలు కూలుతున్నాయని దేశమంతా చప్పట్లు కొట్టింది. సరిగ్గా మరుసటి నెలలో, కావేరి ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు గెజెటులో ప్రకటింపబడగానే, బెంగళూరులో తమిళుల ఇండ్లు, దుకాణాలు కాలాయి. ప్రాణాలు పోయాయి. వేలాది మంది పిల్లలను చంకనెత్తుకొని సరిహద్దు దాటి ఇటు వచ్చారు. దూరదేశములోని వర్ణభేదము మనకు స్పష్టముగా కనబడింది. పక్క వీధిలోనిది కనబడలేదు.

2016 సెప్టెంబరులో మరల అదే జరిగింది. కన్నడ నటులను ఎగతాళి చేస్తూ ఫేస్‌బుక్‌లో వ్రాశాడని బెంగళూరులో ఒక తమిళ విద్యార్థిని పట్టి కొట్టారు. చెన్నైలో కర్ణాటకవారి హోటలు మీద పెట్రోలు బాంబులు వేశారు. బెంగళూరులో ఒక ట్రావెల్స్ కంపెనీ డిపోలో 30కి పైగా బస్సులు తగలబెట్టారు. హోసూరు సరిహద్దులో బస్సులు నిలిచిపోయాయి. 2018లో అదే కావేరి గొడవ ఆటస్థలములోకే వచ్చింది. ఏప్రిల్ 10న చెపాక్‌లో ఆట జరుగుతుండగా మైదానములోకి చెప్పులు విసిరారు. చెన్నై జట్టు ఆ ఏడు మిగిలిన సొంత ఊరి ఆటలను పుణెకు మార్చుకోవలసి వచ్చింది.

నీటి బాధ బూటకమని మేము అనడము లేదు. కర్ణాటకలో పుట్టి, ఆంధ్ర మీదుగా మన దగ్గరకు వచ్చే పాలారులో ఏడాదిలో ఎక్కువ కాలము ఇసుకే కనబడుతుంది. నీరు లేని రైతు కోపము గుడియాత్తము వైపు పల్లెలకు పోతే మనకు అర్థమవుతుంది. కాని ఆ కోపానికి కోర్టు ఉన్నది, ప్రభుత్వము ఉన్నది. లారీ నడిపేవాని నంబరు ప్లేటుకు, హాస్టలులోని కుర్రవాని మాతృభాషకు ఆ నీటితో ఏమి సంబంధము?

భాష సంగతి ఇట్లుండగా, రంగు సంగతి ఇంకా లోపలికి పాతుకొనిపోయినది. చెన్నై బిడ్డ, భారత జట్టులో ఆడిన అభినవ్ ముకుంద్ 2017లో తన చర్మపు రంగును గూర్చి చిన్ననాటినుండి వింటున్న మాటలను బహిరంగముగా వ్రాశాడు. ఆయనకంటె ముందు తరమువాడు, 17 ఏండ్లకే టెస్టు ఆడిన లక్ష్మణ్ శివరామకృష్ణన్, తన జీవితమంతా, అదీ సొంత దేశములోనే, రంగు వివక్షను ఎదుర్కొన్నానని 2021లో చెప్పాడు. ఇద్దరూ ఏ పరదేశములోనో కాక మన మధ్యనే గాయపడినవారు.

ఇక మన తెలుగువారి హైదరాబాదు సంగతి. వెస్టిండీస్‌కు 2012లోను, 2016లోను టీ20 ప్రపంచ కప్పులు తెచ్చిన నాయకుడు డారెన్ సామీ కొంతకాలము సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టులో ఆడాడు. అక్కడ తనను “కాలూ” అని పిలిచేవారని, అది ఏదో బలమైనవాడు అనే మాట అనుకొని తానూ నవ్వేవాడినని, అర్థము తెలిసిన తరువాత మనసు నొచ్చుకున్నదని 2020 జూన్‌లో చెప్పాడు. పిలిచినవారిలో ఒకరు ఆయనతో మాట్లాడి, అది ప్రేమతో పిలిచిన పిలుపే అన్నారట. ఆ మాట నిజమే కావచ్చును. అయితే ప్రేమతో పెట్టిన పేరైతే దాని అర్థమును అతనికి చెప్పి పిలువవలసినది. అర్థము తెలియనివాని ముఖము మీద నవ్వినప్పుడు, ఆ నవ్వులో అతనికి భాగము లేదు.

ఆరు నెలలు తిరిగాయి. 2021 జనవరిలో సిడ్నీ మైదానములో హైదరాబాదు ఆటో డ్రైవరు గారి కుమారుడు మొహమ్మద్ సిరాజ్‌ను కొందరు ప్రేక్షకులు దూషించారు. ఆట కొంతసేపు ఆగిపోయింది. మన ఆటగాళ్ళ మీద జాతి దూషణ జరిగినదని ఆస్ట్రేలియా క్రికెట్ సంస్థ తరువాత ధ్రువీకరించింది. మన వీధులన్నీ మండిపడ్డాయి, న్యాయమే. అయితే సిరాజ్‌కు నొప్పి కలిగించినది సామీకి నొప్పి కలిగించకపోతుందా? తూనిక రాళ్ళు రెండు రకాలు పెట్టుకొని న్యాయము అడిగేవాని మాట ఎవరూ వినరు.

మన ఇండ్లలోని మాటలను కూడా పరీక్షించుకుందాము. చెన్నైలో మనవారిని “గొల్టి” అంటారు. విన్నప్పుడు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. మరి మన నోట “అరవ చాకిరి” ఎంత సులువుగా వస్తుంది! అరవము అన్నది తమిళానికి మన పెద్దలు వాడిన పాత పేరే. దానిని చిన్నచూపుతో పలికినప్పుడే అది తిట్టు అవుతుంది. పెండ్లి సంబంధము చూచేటప్పుడు పిల్ల చామనఛాయ అని గొంతు తగ్గించి చెప్పుకుంటాము. సి.ఎం.సి. ఆస్పత్రికి మణిపూరు, నాగాలాండు, మిజోరము నుండి రోగులు, నర్సింగు విద్యార్థులు వస్తారు. వారు వీధిలో పోతుంటే “చింకీలు” అనే మాట ఎవరి నోటినుండి వస్తుంది? 2012 ఆగస్టులో వదంతులు నమ్మి భయపడిన ఈశాన్య రాష్ట్రాలవారు వేలాదిగా బెంగళూరు విడిచి పారిపోయారు. బెంగళూరు నుండి గువాహటి పోయే రైలుకు మన కాట్పాడి మీదుగానే దారి. అంత భయము ఒక్క రోజులో పుట్టదు. చిన్న చిన్న మాటలు ఏండ్ల తరబడి పేరుకొనిన చోటనే ఒక్క వదంతి చాలుతుంది.

“మాటలే గదా, ఇంత పట్టింపు ఎందుకు? యౌవనస్థులను నవ్వుకోనివ్వండి” అనేవారున్నారు. మేము నవ్వును ఆపమనడము లేదు. ఊరికి కొత్తగా వచ్చినవానికి ఆ ఊరి జట్టు ఎంత మేలు చేస్తుందో వలస వచ్చిన మనకు తెలియనిది కాదు. ఉద్యోగానికి చెన్నై చేరిన మన కుర్రవానికి తమిళము రాకముందే ఆ పసుపు చొక్కా నలుగురు స్నేహితులను ఇస్తుంది. జట్టులు కూడ పుట్టుకను అడగడము మానివేశాయి. గుంటూరు బిడ్డ అంబటి రాయుడు చెన్నైకి ఆడాడు. హైదరాబాదు సిరాజ్ ఏడేండ్లు బెంగళూరుకు ఆడాడు. చెన్నై దినేశ్ కార్తీక్ బెంగళూరుకు, కర్ణాటక రాబిన్ ఉతప్ప చెన్నైకి ఆడారు. ఆడేవారు దాటివచ్చిన గీతను చూచేవారు కాపలా కాయడము విడ్డూరము కాదా?

గనుక తల్లిదండ్రులకు, యౌవనస్థులకు మా మనవి ఇది. పందెము కాయకుండ, మనసారా మీ జట్టును ఆదరించండి. ఎదుటి జట్టు క్యాచ్ జారవిడిచితే నవ్వండి, బౌలరు నో బాల్ వేస్తే కేకలు వేయండి. కాని ఆటగాని రంగు, కులము, భాష, ముక్కు తీరు నోటికి వచ్చినప్పుడు అక్కడనే ఆపండి. పిల్లవాడు అటువంటి మాట అంటే కొట్టవద్దు, నవ్వి ఊరుకోవద్దు. “దీనికి అతడు ఏమి జవాబు చెప్పగలడు?” అని అడగండి. పిల్లలకు ఆ ప్రశ్న వెంటనే అర్థమవుతుంది. హాస్టలులో, ఆఫీసులో తోటివారు అంటున్నప్పుడు మౌనముగా ఉండడము కూడ ఒప్పుకున్నట్టే. ఒక్కరు “అది వద్దు” అంటే చాలాసార్లు మిగిలినవారు తగ్గుతారు.

మనము రెండు నగరాల నడుమ, మూడు భాషల నడుమ బ్రదుకుచున్నాము. ఎక్కడ గొడవ జరిగినా మొదట తలుపులు వేసుకోవలసినవారు వలస వచ్చినవారే. ఆ భయము ఎరిగిన మనము మరియొక వలసవానికి భయము కలిగించకూడదు. బెంగళూరు బండి ఎక్కే బిడ్డకు టిఫిను కట్టి ఇచ్చేటప్పుడు ఈ మాట కూడ చెప్పి పంపుదాము. చెన్నై బండి ఎక్కే బిడ్డకూ ఇదే చెప్పుదాము.