పడినవానిని ఎట్లు లెక్కింపవలెను?



హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు కొంత దూరమున, దారుల్‌షిఫా అను పేట కలదు. ఆ మాటకు స్వస్థతాగృహమని అర్థము. 1595లో మహమ్మదు కులీ కుతుబ్‌షా అచ్చట ఆస్పత్రిని, యునానీ వైద్యము నేర్పు పాఠశాలను కట్టించెను. జ్వరముతో వచ్చినవానికి జ్వరము విడిచినచో, వాడు బాగుపడెనని చెప్పుట సులభము. అయితే మత్తునకు లోబడినవానిని గూర్చి ఆ మాట ఎప్పుడు చెప్పవలెను? ముప్పది దినములు మానియున్న చాలునా? ఏడాదికి మరల త్రాగినచో, వానికి చేసిన చికిత్స అంతయు వ్యర్థమేనా?

ఇది పట్టణమువారి ప్రశ్న మాత్రమే కాదు. 2024లో ఎక్సైజు శాఖవారు పాతబస్తీ ప్రక్కనున్న ధూల్‌పేటలో గంజాయిని అణచుటకు ప్రత్యేకముగా దాడులు చేసిరి. మన పల్లెలకు ఆ కీడు కల్తీకల్లు రూపమున వచ్చును. చెట్టునుండి దించిన కల్లు చాలనప్పుడు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు నీళ్లలో కలిపి అమ్ముదురు. 2015 సెప్టెంబరులో అధికారులు ఆ కల్తీని అడ్డగింపగా, నిజామాబాదు, మహబూబ్‌నగరు జిల్లాలలో అనేకులు వణకుచు, మూర్ఛలు వచ్చి, తెలివి తప్పి మాటలాడుచు ఆస్పత్రులలో చేరిరి. దినదినము మెదడును జోకొట్టిన మందు ఒక్కసారిగా ఆగినప్పుడు, ఆ మెదడు పలుపు తెంచుకొన్న ఎద్దువలె అదుపు తప్పును. కావున ఇట్టివానిని గదిలో పెట్టి తాళము వేసి ఒక్క దినమున మాన్పింపజూచుట ప్రాణమునకే అపాయము. డాక్టరుగారి పర్యవేక్షణలో కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయములో ఇట్టివారికి వైద్యము కలదు.

బాగుపడుట అననేమి? ఈ ప్రశ్నకే తన పని కాలమంతయు వెచ్చించిన పండితుడొకడు అమెరికాలో ఉన్నాడు. అతని పేరు థామస్ మెక్‌లెల్లన్. ఫిలడెల్ఫియా పట్టణమున మాజీ సైనికుల ఆస్పత్రిలో పని చేయుచు, 1980లో తన సహచరులతో కలిసి ఒక ప్రశ్నల పట్టికను ప్రకటించెను. మానివేసితివా లేదా అని మాత్రమే అది అడుగదు. ఒంటి ఆరోగ్యము, పని, త్రాగుడు, ఇతర మత్తుమందులు, చట్టముతో చిక్కులు, కుటుంబము, మనస్సు అను ఏడు సంగతులను వేరువేరుగా విచారించును. మనుష్యుడు ఒకచోట పడియుండి మరియొకచోట లేచుచుండవచ్చునని దాని భావము.

2000వ సంవత్సరమున అతడును మరి ముగ్గురును మరియొక సంగతి వ్రాసిరి. చికిత్స ముగించుకొని వెళ్లినవారిలో నూటికి 40 నుండి 60 మంది ఏడాదిలోపల తిరిగి మత్తును ముట్టుచున్నారు. వినుటకు ఇది నిరాశగా నున్నది. అయితే వారు షుగరు, రక్తపుపోటు, ఉబ్బసము గల రోగులను ప్రక్కన నిలిపి చూపిరి. వారిలోను అనేకులు మందు మాని, పథ్యము తప్పి, తిరిగి జబ్బుపడుదురు. మాత్రలు మానగానే రక్తపుపోటు పెరిగినచో, మాత్ర బాగుగా పనిచేసినది, మానకుండవలసినదని చెప్పుదుము. త్రాగుబోతు తిరిగి త్రాగినచో, చికిత్స పనికిమాలినది, వాడును పనికిమాలినవాడే అందుము. ఒకే విధమైన సంగతికి రెండు త్రాసులా?

అయితే ఇది రోగమైనచో, వానియందు తప్పే లేదా అని నీవు అడుగుదువు. న్యాయమైన ప్రశ్న. షుగరు రోగమును ఎవడును కోరి తెచ్చుకొనలేదు. అయినను మందు వేసికొనుట, నోరు కట్టుకొనుట వాని బాధ్యతయే. అట్లే త్రాగువాడు తన భార్య కూలిడబ్బులు లాగుకొనినది పాపమే. ఆమె డబ్బు దాచుకొనుట కఠినత్వము కాదు, బుద్ధి. వాడు కొట్టవచ్చినప్పుడు పిల్లలను తీసికొని పుట్టింటికి వెళ్లుట కూడ తప్పు కాదు. క్షమించుట అనగా డబ్బుసంచి వాని చేతికిచ్చుట కాదు. వానికి తలుపు మూయకుండుటయే క్షమాపణ.

మన సంఘములలో జరుగుచున్నదేమి? ఒకడు పెద్దలయెదుట ప్రమాణము చేయును. పండుగ దినమున పడిపోవును. అప్పుడు పేరు కొట్టివేయుదుము, ఇరుగుపొరుగువారు నవ్వుదురు. మరుసటి మారు వాడు పడినప్పుడు ఎవరితోను చెప్పడు. చీకటిలో త్రాగును, చీకటిలోనే చెడును. సిగ్గు వానిని మాన్పలేదు, దాచుట మాత్రమే నేర్పెను.

ఈ పండితునికి సహితము ఇది పుస్తకముల మాట మాత్రమే కాలేదు. 2008లో అతని కుమారుడు మత్తుమందుల వలన మరణించెను. అంత తెలిసిన తండ్రికే తన బిడ్డను కాపాడుట సాధ్యపడలేదు. అయినను మరుసటి సంవత్సరమే తన దేశ ప్రభుత్వమున మత్తుమందుల నివారణ కార్యాలయములో రెండవ అధికారిగా కొంతకాలము సేవ చేసెను. కాబట్టి మన సంఘములో కొడుకు చెడిపోయిన తల్లిని చూచి, పెంపకము సరిలేదని అనుటకు మనము వెనుకాడవలెను.

మన దేశములో 2018లో జరిపి 2019లో ప్రకటించిన ప్రభుత్వ సర్వే ప్రకారము, మద్యమునకు పూర్తిగా లోబడినవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స దొరకినది. ఈ సంఖ్య చదివినప్పుడు బేతెస్ద కోనేటియొద్ద 38 ఏండ్లు పడియున్న రోగి నాకు జ్ఞాపకమునకు వచ్చెను. నీళ్లు దగ్గరనే ఉన్నవి. తనను దింపుటకు మనుష్యుడు లేడనుటయే వాని మొర.

చదువరీ, నీ వీధిలో మరల పడినవాడు ఒకడు ఉండవచ్చును. ఎన్నిమారులు పడెనో లెక్కించుటకు ఊరంతయు కలదు. వానిని బస్సెక్కించి ఆస్పత్రికి తోడుకొనిపోవుటకును, మూడు నెలలైన పిమ్మట మందులు వాడుచున్నావా అని అడుగుటకును ఒక్కడు కావలెను. ఆ యొక్కడవు నీవు కాగలవా?