చేయి పడిపోయినవాని కాయకము

కాయకమునకు మించిన పూజ లేదని 12వ శతాబ్దమున కల్యాణపు శరణులు బోధించిరి. అట్లయినచో పక్షవాతముచే ఒక పక్షము పడిపోయి మంచము పట్టినవానికి కాయకమేది? ఇంటివారు అతనికి చేయవలసిన సేవ యెట్టిది?

మెదడునకు రక్తము గొనిపోవు నాళము పూడుకొనుటచేతగాని, చిట్లుటచేతగాని పక్షవాతము కలుగును. చెడినది చేయి కాదు. చేతిని నడపు మెదడుభాగము. పదే పదే అభ్యాసము చేయించినచో మిగిలిన భాగములు ఆ పనిని కొంత నేర్చుకొనగలవు. తొలి మూడు నెలలలో ఈ శక్తి మిక్కుటము. ఆ పిమ్మటను పూర్తిగా నశింపదు. కనుక పావురపు రక్తమును, పసరు మందులను నమ్మి ఆసుపత్రికి ఆలస్యముగా పోవుట గొప్ప నష్టము.

ఇచ్చట ధర్మసందేహమొకటి కలదు. కోడలు అన్నము కలిపి మామగారి నోటికందించును. కుమారుడు ఎత్తి కూర్చుండబెట్టును. చూచువారు మెత్తురు. కాని వాడని చేయి నానాటికి పనిని మరచును. 2006లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, వ్యాధి సోకి 3 నుండి 9 నెలలైన 222 మందిని పరిశీలించిరి. అందరికిని వ్రేళ్లలో కొంత కదలిక మిగిలియున్నది. వారిలో కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారములు బలహీనమైన చేతితోనే పనులు చేయించిరి. తక్కినవారికంటె వారి చేయి ఎక్కువ మెరుగుపడెను.

దానమునకును దాసోహమునకును గల భేదము ఇందే తెలియును. దానమున ఇచ్చువాడు పైన నిలుచును. దాసోహమున సేవించువాడు క్రింద నిలుచును. ఇష్టలింగమును ఎడమ అరచేత నిలిపి పూజింతురు. ఆ చేయి పడిపోయినచో లింగమును వేరొకరు పట్టుట తగదు. ఎవరి ఇష్టలింగము వారిదే. అతని అరచేతి క్రింద తమ అరచేయి ఆనించుట తగును. అప్పుడు పూజ అతనిదే యగును.

భోజనమును అంతియే. మ్రింగుశక్తిని వైద్యుడు పరీక్షించిన పిదప, తడబడు చేతినుండి మెతుకులు రాలుచున్నను విసుగుకొనక అరగంట ప్రక్కన కూర్చుండుట, నోట పెట్టుటకంటె కష్టమైన సేవ. చెంచా నెత్తు ఆ ప్రయత్నమే రోగి కాయకము. ఎంత అభ్యసించినను కోలుకొననివారును కలరు. వారిని సోమరులని నిందించుట పాపము. వారికి నోటికందించుటయే దాసోహము. ఫలమును జూచి మనుష్యుని విలువ కట్టరాదు.

సిద్దిపేట 2016లో జిల్లా కేంద్రమయ్యెను. 2018లో అచట ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యెను. అయినను ఆసుపత్రిలో వ్యాయామము చేయించు సమయము స్వల్పము. తక్కిన దినమంతయు రోగి ఇంటనే గడపును. పల్లెనుండి అతనిని తోడ్కొని వచ్చువానికి ఆనాటి కూలి పోవును. అన్నదాసోహము నడపు మఠములు ఆటో కిరాయి భరింపవచ్చును; మెట్ల ప్రక్కన పట్టుకొనుటకు కమ్మి అమర్పవచ్చును; ఆసుపత్రిలో నేర్పిన అభ్యాసమును సాయంకాలము చేయించుటకు ఒక యువకుని నియమింపవచ్చును. ఆ యువకునికి మొదట నేర్పవలసినది ఒక్కటే: రోగి తాను చేయగల పనిని అతని చేతినుండి లాగుకొనరాదు.