సంతకం పెట్టిన గంట

అమెరికాలో ఆప్టోమెట్రీని వృత్తిగా స్వీకరించి, లైసెన్సు రెన్యువల్ కోసం చదువు గంటలు లెక్కచూపవలసిన నీకు ఈ నాలుగు మాటలు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ వేసవిలో సియాటిల్‌లో ఓడ ఎక్కి అలాస్కా చూడబోతున్నావు. రేవు తగలని రోజుల్లో ఓడలోనే పాఠాలు ఏర్పాటు చేశారు. ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని వెళుతున్నావు. సుఖంగా వెళ్లు. ఏడాది పొడవునా చీకటిగదిలో ఒకరి వెనుక ఒకరి కళ్లు పరీక్షించే మనిషి హిమనదాన్ని చూడాలని కోరుకుంటే అందులో తప్పేముంది? సేదదీరిన మనసుకు పాఠం కూడా బాగానే ఎక్కుతుంది. నా బెంగ ఒక్కటే, వినని గంటకు విన్నానని సంతకం పెడతావేమోనని.

ఆ సంతకం ఎంత తేలికో నీకు తెలుసు. గదిలో కనిపించే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే చాలు, చదువు గంటలు లెక్కగట్టే ఓఈ ట్రాకర్‌లో నీ పేరున గంట జమ అవుతుంది. ఇలాంటి పాఠాలను గుర్తించే కోప్ అనే మండలి ఆమోదించిన పాఠంలో గంట అంటే 50 నిమిషాలు. కాలిఫోర్నియాలో రెండేళ్లకు 50 గంటలు, ఫ్లోరిడాలో 30 గంటలు చూపాలి. రెండేళ్ల కాలంలో ఇది ఎంత? దినపత్రిక చదవడానికి మనం వెచ్చించే పొద్దు ఇంతకంటే ఎక్కువ. అయినా కిటికీ అవతల తిమింగలం తోక కనిపించిందని ఎవరో అనగానే గది సగం ఖాళీ అయితే, మిగిలిన సగమూ కాలు నిలవక అటే చూస్తే, ఆ 50 నిమిషాలలో చెవికెక్కేది ఏమీ ఉండదు. తెరమీద పాఠం సాగుతూనే ఉంటుంది. జమ కూడా అవుతూనే ఉంటుంది.

ఈ గంటలు నీ నెత్తిన ఎందుకు పడ్డాయో ఒకసారి వెనక్కి చూడు. అమెరికాలో ఈ వృత్తికి మొదటి రాష్ట్ర చట్టం 1901లో మిన్నెసోటాలో వచ్చింది. ఆనాటి ఆప్టోమెట్రిస్టు అద్దాలు సరిచూసి కళ్లజోడు ఇచ్చేవాడు, అంతవరకే. పరీక్షకు అవసరమైన కంటిచుక్కలు వాడే హక్కును మొట్టమొదట 1971లో రోడ్ ఐలాండ్ ఇచ్చింది. జబ్బుకు మందు రాసే హక్కు 1976లో వెస్ట్ వర్జీనియాలో దక్కింది. 1998లో ఓక్లహోమా లేజర్ చికిత్సకూ అనుమతించింది. ఒక్కొక్క హక్కు కోసం నీ ముందటి తరం వారు శాసనసభల గడపలు ఎక్కి, మేము చదువుతూనే ఉంటామని మాట ఇచ్చారు. చదువు గంటలు ఆ మాట తాలూకు బాకీ. వారి పేర్లు నీకు గుర్తుండకపోవచ్చు. వారిచ్చిన మాట మాత్రం నీ లైసెన్సు కాగితంలో ఉంది.

కళాశాలలో నేర్చినది నీ వెంట జీవితాంతం వస్తుందని అనుకోకు. ఒక్క మందు సంగతి చెబుతాను, నిదానంగా విను. కీళ్లవాతానికి, లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడితే రెటీనాను దెబ్బతీయగలదు. అలా పోయిన చూపు తిరిగి రాదు. మందు ఆపిన తరువాత కూడా నష్టం పెరగవచ్చు. ఎత్తుకు తగిన బరువులో కిలోకు 6.5 మిల్లీగ్రాములు దాటకూడదని ఒకప్పటి సూత్రం. 2016లో అమెరికా నేత్రవైద్య అకాడమీ దానిని సవరించి, మనిషి అసలు బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములకు మించరాదని చెప్పింది. ఎత్తుకు తగినట్టు 62 కిలోలున్న స్త్రీ రోజుకు రెండు 200 మిల్లీగ్రాముల మాత్రలు వేసుకుంటోందనుకో. పాత లెక్కలో అది హద్దులోపలే ఉంటుంది. కొత్త లెక్కలో ఆమె 310 దాటకూడదు. పాత పాఠంతోనే మిగిలిపోయినవారు ఆమె చీటీ చూసి, అంతా సరిగానే ఉందమ్మా అని ఇంటికి పంపేస్తారు.

ఇంకొక మాట ఉంది, అది మనవారికి మరీ దగ్గరిది. ఈ మందు దెబ్బ సాధారణంగా చూపు నడిబొడ్డు చుట్టూ కనిపిస్తుంది కనుక, నడిమి 10 డిగ్రీల దృష్టిక్షేత్ర పరీక్షతో సరిపెట్టడం అలవాటు. ఆసియా సంతతివారిలో చాలామందికి ఆ దెబ్బ ఇంకా వెలుపలి వలయంలో మొదలవుతుంది. నడిమిభాగం మాత్రమే చూసే పరీక్షకు అది చిక్కదు. వారికి మరింత విశాలమైన పరీక్ష కూడా చేయాలని అదే 2016 సవరణలో ఉంది. అమెరికాలో ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంటున్న మన తెలుగు తల్లి ఒకతె, మోకాళ్ల నొప్పులకు ఈ మాత్రలు పదేళ్లుగా మింగుతూ, నీ కుర్చీలో వచ్చి కూర్చుందనుకో. ఇంగ్లిషులో తన బాధ పూర్తిగా చెప్పుకోలేదు. నీవు నేర్చినదే ఆమెకు దిక్కు. ఆ పాఠం ఓడలో చెప్పిన పూట నీవు ఎక్కడున్నావు?

అన్ని జబ్బులూ పదేళ్లు ఆగవు. నమిలేటప్పుడు దవడ నొప్పి అంటూ, దువ్వెన తగిలితే తల మంట అంటూ, చూపు క్షణకాలం మసకబారిందంటూ ఒక వృద్ధుడు కళ్లజోడు మార్పించుకోవడానికి వస్తాడు. అది కణతి ధమని వాపు కావచ్చని ఆ క్షణానే అనుమానించి, అదే రోజు స్టెరాయిడ్ అందేలా పంపకపోతే ఒక కన్ను పోవచ్చు, కొద్ది రోజులకే రెండోదీ పోవచ్చు. ఆయనకు అద్దాల నంబరు రాసి పంపడం కంటే ఘోరం మరొకటి లేదు.

ఓడమీది చదువును ప్రభుత్వం ఏ కంటితో చూస్తుందో కూడా తెలుసుకో. విహారనౌకలో జరిగే వృత్తిసభ ఖర్చుకు పన్ను మినహాయింపు కావాలంటే ఆ నౌక అమెరికాలో నమోదై ఉండాలి, తాకే రేవులన్నీ అమెరికావో దాని అధీనంలోనివో కావాలి. అప్పుడైనా ఏడాదికి 2,000 డాలర్లే మినహాయింపు. ప్రయాణం ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు పాఠాలకు కేటాయించావో నీవు రాసి సంతకం పెట్టాలి. సభ జరిపినవారూ వేరుగా సంతకం పెట్టాలి. పెద్ద విహారనౌకలలో చాలావాటిమీద ఎగిరేది బహమాస్ జెండానో పనామా జెండానో. 1886 నాటి చట్టం ప్రకారం అలాంటి నౌకలు మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలి కనుకనే సియాటిల్‌లో బయలుదేరిన ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగుతుంది. మినహాయింపు అక్కడితో సరి. ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, చదువు పేరుతో విహారం జరుగుతుందని శాసనకర్తలు ముందే శంకించారు. ఆ శంకను నిజం చేసేవారిలో నీవు ఉండకు.

ఈ పాఠాలు ఏర్పాటు చేసేవారికీ ఒక విన్నపం. ఓడ హిమనదాల ముందు నిలిచే పూట తరగతి పెట్టి, రానివారిని తప్పుపట్టడం న్యాయం కాదు. తెల్లవారుజామున పెట్టండి, నడిసముద్రంలో సాగే పగలు పెట్టండి. బయటికి పోయేటప్పుడు కూడా కోడ్ మళ్లీ స్కాన్ చేయించండి. వచ్చినవారి చేతిలో కేవలం కాగితం కాక, రేపు తమ కుర్చీలో కూర్చునే మనిషికి పనికొచ్చే విషయం పెట్టి పంపండి.

ఇక నీకు. ఓడ ఎక్కేముందు నీ రికార్డులలోంచి, నిన్ను నిద్రపోనివ్వని రోగి ఒకరి సంగతి పేరు లేకుండా కాగితం మీద రాసుకొని వెళ్లు. ముందు వరుసలో కూర్చో. ఆ రోగి గురించి ప్రశ్న అడుగు. పిల్లలు డెక్‌మీదికి రమ్మంటే, ఈ గంట నాది కాదమ్మా, అవ్వా తాతల కళ్లది అని చెప్పు, వారికి అర్థమవుతుంది. పాఠం ముగిశాక వారి చెయ్యి పట్టుకొని తిమింగలాలు చూడు. ఎప్పుడైనా మనసు ఆగక మధ్యలో లేచిపోయావా, ఆ గంటను నీ పేరున జమ చేయనీకు. ఇంటికి తిరిగివచ్చాక మరెక్కడైనా ఆ పాఠం మొదటినుంచి కూర్చుని విను.