మీరు రాజా? రైతా?
ఉపవాసం గురించి ఒక ధమ్మ విచారణ



"లంఖణం పరమౌషధం" అని పెద్దలు అనేవారు. ఇప్పుడు ఆ మాటే సెల్‌ఫోన్లలో కొత్త వేషంలో వస్తోంది. రోజూ పదహారు గంటలు తినకుండా ఉంటే సుగర్ పోతుందట, బీపీ పోతుందట, ముసలితనం దగ్గరికే రాదట. నలభై దాటిన మనలో చాలామందికి అనుమానం: శనివారం ఒక్కపొద్దులు వదిలేసి ధమ్మంలోకి వచ్చాం కదా, మళ్లీ ఈ ఉపవాసం ఏమిటి?

ఇది ఒక్క ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, నీతికి కూడా సంబంధించినది. మన తాతముత్తాతలు ఉపవాసాలు చేసినవాళ్లు కాదు, పస్తులు పడుకున్నవాళ్లు. కూలి దొరకని రోజు, దొర గింజలు కొలవని రోజు వాళ్ల పొయ్యి వెలగలేదు. తిండి ఉండి మానుకుంటే ఉపవాసం. తిండి లేక మానితే పస్తు. పస్తును పుణ్యమని, పూర్వజన్మ ఫలమని చెప్పినవాళ్లు మనల్ని మోసం చేశారు.

బుద్ధుడు తిండి గురించి రెండు మాటలు చెప్పాడు. పైకి చూస్తే అవి ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి.

ఆళవి అనే ఊళ్లో ఒక పేద రైతు తప్పిపోయిన ఎద్దును వెతికి వెతికి, ఖాళీ కడుపుతో ధమ్మం వినడానికి వచ్చాడు. బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించాడు. ఆ తర్వాతే ధమ్మం చెప్పాడు. ఆకలిని మించిన రోగం లేదని అప్పుడే అన్నాడని ధమ్మపదం అట్టకథ చెబుతుంది.

రెండోది కోసల రాజు పసేనది సంగతి. సంయుత్త నికాయంలో ఉంది. రాజు కుంచాల కొద్దీ అన్నం తిని, రొప్పుతూ వచ్చి కూర్చున్నాడు. బుద్ధుడు అతన్ని పస్తుండమనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, ముసలితనం నిదానంగా వస్తుందని చెప్పాడు. రాజు ఆ మాటను రోజూ భోజనం వేళ సుదస్సనుడనే యువకుడితో చెప్పించుకుని, తిండి కొంచెం కొంచెంగా తగ్గించుకున్నాడు. ఒళ్లు తేలికపడింది.

వైద్యుడు ఒక్కడే, రోగులు వేరు. రైతుకు అన్నమే మందు, రాజుకు మితమే మందు.

బుద్ధుడు తన ఒంటి మీదే రెండూ చూశాడు. ఆరేళ్లు కడుపు మాడ్చుకుంటే జ్ఞానం రాలేదు. సుజాత పెట్టిన పాయసం తిన్నాకే ఒంట్లో శక్తి వచ్చింది. తర్వాత రాత్రి భోజనం మానేసి, దానివల్ల ఆరోగ్యంగా, తేలికగా ఉన్నానని భిక్షువులకు చెప్పాడు. ఉపోసథ రోజున మనం తీసుకునే అష్టశీలలో ఆరోది, వికాల భోజనం మానడం, అదే. మధ్యాహ్నం దాటాక మర్నాటి పొద్దు పొడిచేదాకా తినం. ఇందులో మొక్కు లేదు, వరం లేదు.

మరి సైన్సు ఏమంటోంది? 1935లో అమెరికాలో మెక్‌కే అనే శాస్త్రవేత్త ఎలుకలకు పోషకాలు తగ్గకుండా తిండి తగ్గిస్తే అవి ఎక్కువకాలం బతికాయి. ఆకలివేళ కణం తనలోని పాడైన భాగాలను విరగ్గొట్టి మళ్లీ వాడుకుంటుంది. అది ఎలా జరుగుతుందో కనిపెట్టినందుకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. 2017లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధనలో, సుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు, ఇన్సులిన్ వాడనివాళ్లకు కొన్ని నెలలు రోజుకు 850 క్యాలరీల తిండి ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం మందికి మందులు లేకుండానే సుగర్ అదుపులో ఉంది. కానీ అదంతా వైద్యుల పర్యవేక్షణలో జరిగింది. ఉపవాసంతో మనిషి ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు.

ఇంకో సంగతి కూడా చూడండి. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధం వల్ల నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్న పిల్లలను యాభై ఏళ్ల వయసులో పరీక్షిస్తే, వాళ్ల ఒళ్లు చక్కెరను సరిగా వాడుకోలేకపోతోందని తేలింది. తల్లి పడ్డ పస్తు బిడ్డ రక్తంలో మిగిలింది. మరి తరతరాలు పస్తులున్న మన సంగతి? మనలో చాలామందిమి ఒకే ఒంట్లో రైతూ రాజూ. మూడు పూటలా అన్నం గుట్టగా తింటాం, పప్పు, గుడ్డు మాత్రం చాలీచాలకుండా.

కాబట్టి ఎవరో చెప్పారని ఉపవాసం మొదలుపెట్టకండి, ఎవరో నవ్వారని మానకండి. కాలాములకు బుద్ధుడు చెప్పింది అదే, పరీక్షించి చూసుకోమని. సుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్ను అడగకుండా పూట మానితే చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. గర్భిణులు, పిల్లలు, టీబీ ఉన్నవాళ్లు, చిక్కిపోయిన ముసలివాళ్లు ఉపవాసం జోలికి వెళ్లవద్దు. మిగతావాళ్లు రాత్రి భోజనం పెందలాడే ముగించి, కంచంలో అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచితే అదే మొదటి మెట్టు.

బాబాసాహెబ్ ఏళ్ల తరబడి మధుమేహంతో బాధపడుతూనే పనిచేశారు. 14 అక్టోబర్ 1956న దీక్ష ఇచ్చి, రెండు నెలలు తిరగకుండానే మనల్ని విడిచి వెళ్లారు. ఒంటిని కాపాడుకోవడం స్వార్థం కాదు, మన ముందున్న పనికి అది అవసరం.

చివరిగా ఒక్క మాట. ఆకలితో ఉన్నవాడికి మితం బోధించకండి, ముందు అన్నం పెట్టండి. ఉపోసథ రోజు మీరు మానిన పూట బియ్యం లేని ఇంటికి చేరనివ్వండి. బడిలో పిల్లల కంచంలో గుడ్డు పడకపోతే వెళ్లి అడగండి. అదీ ధమ్మమే.

నమో బుద్ధాయ! జై భీమ్!